1911 పిస్టల్ కొనేముందు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులన్నీ అమెరికాలో ఉంటూ, అక్కడి చట్టం ప్రకారం కొనుక్కునే హక్కున్నవారి కోసం. ఆ హక్కు మీకుందో లేదో తేలకుండా బేరం మొదలుపెట్టొద్దు. అందుకే పిస్టల్ పరిచయం అయిన వెంటనే ఆ ప్రశ్నే పెట్టాం.

1911 అని దేన్ని అంటారు?

జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించగా 1911 మార్చి 29న అమెరికా సైన్యం తీసుకున్న 45 క్యాలిబర్ పిస్టల్ నమూనాని. 1920లలో చిన్నచిన్న మార్పులతో దానికి ఎం1911ఏ1 అనే పేరొచ్చింది. 1985లో 9 ఎంఎం బెరెటా ఎంపికయ్యేదాకా సైన్యానికి ప్రధాన పిస్టల్ ఇదే. పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇప్పుడు కోల్ట్ మొదలుకొని ఫిలిప్పీన్స్, టర్కీ కంపెనీల దాకా అందరూ చేస్తున్నారు. అందుకే 1911 అనేది కంపెనీ పేరు కాదు, మోడల్ పేరు కూడా కాదు, ఒక డిజైన్. ఒకే డిజైన్ మీద నాలుగు వందల డాలర్ల సరుకూ ఉంది, నాలుగు వేల డాలర్ల సరుకూ ఉంది.

1911 సింగిల్ యాక్షన్ రకం. అంటే ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే, తూటాను పేల్చేందుకు వెనక్కి లాగి ఉన్న సుత్తిలాంటి హ్యామర్‌ను వదిలేయడం. హ్యామర్‌ను వెనక్కి లాగేది పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్, లేదా మీ బొటనవేలు. ట్రిగ్గర్ నేరుగా వెనక్కి జరుగుతుంది, ప్రయాణం తక్కువ, లాగుడు తేలిక. వందేళ్లు దాటినా దీన్ని వదలనివాళ్లు ఎక్కువగా చెప్పే కారణం ఆ ట్రిగ్గరే.

హెచ్-1బీ మీద ఉన్నాను. కొనొచ్చా?

సాధారణంగా కుదరదు. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. ఎఫ్-1, ఎల్-1, హెచ్-4 అన్నీ ఇందులోకే వస్తాయి. ముఖ్యమైన మినహాయింపు ఒకటుంది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది లేకుండా కాల్పులు సాధన చేసే రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా నిషేధం కిందికే వస్తుందని చాలామందికి తెలియదు. స్నేహితులతో సరదాగా రేంజ్‌కు వెళ్లి ఫొటోలు పెట్టేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

గ్రీన్ కార్డు ఉంటే ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. ఇక సొంత రాష్ట్రం నిబంధనలు చూసుకోవాలి. న్యూజెర్సీలో ఒక్కో హ్యాండ్‌గన్‌కు ఒక్కో పర్మిట్ కావాలి. కాలిఫోర్నియాలో డీలర్ అమ్మే కొత్త పిస్టల్ రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉండాలి, పైగా 10 రోజులు ఆగాలి. టెక్సాస్‌లో కొనడానికి విడిగా పర్మిట్ అక్కర్లేదు. ఎక్కడైనా లైసెన్సున్న డీలర్ దగ్గర ఫారం 4473 నింపాలి, నేపథ్య తనిఖీ జరగాలి.

గ్రీన్ కార్డున్న స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం మాత్రం తలపెట్టొద్దు. అసలు కొనుగోలుదారు మీరేనా అని ఆ ఫారం సూటిగా అడుగుతుంది. ఇలాంటి బినామీ కొనుగోలుకు 2022 చట్టం కింద 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. ఆయుధ నేరం రుజువైతే గ్రీన్ కార్డున్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేయొచ్చు. స్టేటస్ మార్పు మధ్యలో ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయరును అడిగి తేల్చుకోవాలి. కౌంటర్ దగ్గర సేల్స్‌మన్ చెప్పిన మాట కోర్టులో పనికిరాదు.

మొదటి 1911కి ఏ సైజు?

5 అంగుళాల బ్యారెల్, మొత్తం ఉక్కు. దీన్నే గవర్నమెంట్ సైజు అంటారు. ఖాళీగా దాదాపు 1.1 కిలోలు ఉంటుంది. చేతికి బరువే, కానీ ఆ బరువే కుదుపును మింగుతుంది. బ్రౌనింగ్ లెక్కగట్టింది కూడా ఈ పొడవుకే. స్లైడ్ బరువు, వెనక్కి ప్రయాణించే దూరం, తూటాలు నింపే పెట్టె అయిన మ్యాగజైన్ తూటాను పైకి నెట్టే వేగం, అన్నీ దానికే కుదిరాయి.

4.25 అంగుళాల కమాండర్ సైజుతో కూడా పేచీ పెద్దగా లేదు. నడుముకు పెట్టుకుని తిరిగేవాళ్లకు అదే సుఖం. 3 అంగుళాల బుల్లివాటితోనే తంటా. స్లైడ్ వెనక్కి వెళ్లే దూరం తగ్గిపోవడంతో తూటా పైకి లేచేందుకు దొరికే వ్యవధి కుంచించుకుపోతుంది. స్ప్రింగ్ గట్టిగా ఉండాలి, త్వరగా అలిసిపోతుంది. బాగా నడిచే 3 అంగుళాల 1911లు లేకపోలేదు, కానీ మొదటి పిస్టల్‌గా అది తీసుకుంటే తప్పు మీ పట్టుదా, స్ప్రింగుదా, మ్యాగజైన్‌దా తేల్చుకోవడం కష్టం.

45 ఏసీపీ తీసుకోవాలా, 9 ఎంఎం తీసుకోవాలా?

ఎక్కువ కాల్చాలనుకుంటే 9 ఎంఎం. తూటాలు చౌక, కుదుపు తక్కువ. 45 తూటా ధర దానికి ఒకటిన్నర నుంచి రెండింతలు ఉంటుంది.

డిజైన్ మాత్రం పుట్టిందే 45 కోసం. 45 ఏసీపీ తూటా గరిష్ఠ పొడవు 1.275 అంగుళాలు, 9 ఎంఎంది 1.169. అందుకే 9 ఎంఎం 1911 మ్యాగజైన్లలో చాలావాటికి వెనకో ముందో ఖాళీ పూడ్చే రేకు ఉంటుంది. ఆ సర్దుబాటు సరిగా చేసిన కంపెనీ పిస్టల్ చక్కగా నడుస్తుంది, అరకొరగా చేసినది మొరాయిస్తుంది. కాబట్టి చౌక రకంలో 45, కాస్త పై రకానికి వెళ్లగలిగితే 9 ఎంఎం అన్నది మా సలహా. 45 కుదుపు గురించి భయపెట్టే మాటలు ఎక్కువ. 230 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ సెకనుకు 830 అడుగుల వేగంతో వెళ్తుంది, ఇంత బరువున్న పిస్టల్‌లో అది చెంపదెబ్బలా కాదు, గట్టి తోపులా తెలుస్తుంది.

ఎంత ఖర్చు పెట్టాలి?

ధరలు మారుతుంటాయి, అంతరాలే చూడండి. టర్కీలోని ట్రాబ్‌జోన్‌లో తయారయ్యే టిసాస్, ఫిలిప్పీన్స్‌లోని మరికినాలో ఆర్మ్‌స్కోర్ చేసే రాక్ ఐలండ్ రకాలు సుమారు 400 నుంచి 600 డాలర్ల మధ్య మొదలవుతాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ, కోల్ట్, రూగర్ మామూలు రకాలు 700 నుంచి 1,100 దాకా. డాన్ వెసన్ ఇంకొక మెట్టు పైన. విల్సన్ కాంబాట్, నైట్‌హాక్, ఎడ్ బ్రౌన్ వంటి చేతిపని పిస్టళ్లు మూడు వేలు దాటిపోతాయి.

ఎక్కువ డబ్బు పెడితే వచ్చేది ముఖ్యంగా మనిషి చేతి గంటలు. ఈ డిజైన్‌లో భాగాలను ఒకదానికొకటి అరగదీసి కుదర్చాలి, చౌక పిస్టల్‌లో ఆ పని యంత్రం వరకే ఆగిపోతుంది. గురిలో తేడా 25 గజాల దగ్గర కాగితం మీద తెలుస్తుంది, 7 గజాల దగ్గర తెలియదు. చేతిలో వెయ్యి డాలర్లుంటే మొత్తం పిస్టల్ మీదే పెట్టేయకండి. 550 పిస్టల్‌కు, 150 నాలుగైదు మంచి మ్యాగజైన్లకు, మిగిలింది తూటాలకు.

ఎంఐఎం భాగాలు, అంటే లోహపు పొడిని అచ్చుపోసి కాల్చి చేసినవి, ఉన్నాయని భయపడక్కర్లేదు. థంబ్ సేఫ్టీ (బొటనవేలితో వేసే మీట), స్లైడ్ స్టాప్ (స్లైడ్ వెనక ఆగేలా పట్టే మీట) విరిగిన సందర్భాలుంటాయి, మారిస్తే సరిపోతుంది. చూడాల్సింది ఫ్రేమ్, స్లైడ్, బ్యారెల్.

పేరు చూసి పొరబడేవాళ్ల కోసం ఒక మాట. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అనే ఇప్పటి కంపెనీ ఇల్లినాయిస్‌ది. 1968లో మూతపడిన ప్రభుత్వ ఆయుధశాల పేరు పెట్టుకుందంతే.

సిరీస్ 70, సిరీస్ 80 గొడవేంటి?

సిరీస్ 80లో ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప, తూటాను గుద్ది పేల్చే ఫైరింగ్ పిన్ కదలకుండా ఆపే అడ్డు ఉంటుంది. పిస్టల్ కిందపడినా పేలకుండా ఉండేందుకు. కోల్ట్ దీన్ని 1983లో తెచ్చింది. సిరీస్ 70 పద్ధతిలో ఆ అడ్డు లేదు, భాగాలు తక్కువ, ట్రిగ్గర్ సానపెట్టడం తేలిక. కొన్ని కంపెనీలు అడ్డు పెట్టకుండా తేలికపాటి టైటానియం పిన్, గట్టి స్ప్రింగ్‌తో అదే పని సాధిస్తాయి. కింబర్ సిరీస్ 2 రకాల్లో ఈ అడ్డును కదిపేది ట్రిగ్గర్ కాదు, పిడి వెనక అరచేతితో నొక్కే గ్రిప్ సేఫ్టీ.

రేంజ్‌కే పరిమితమైతే ఏదైనా ఒకటే. నడుముకు పెట్టుకు తిరిగేవాళ్లకు అడ్డున్నదే మేలు. ట్రిగ్గర్‌లో తేడా తెలిసేవాళ్లు చాలా తక్కువ, తెలుస్తుందని చెప్పేవాళ్లు మాత్రం బోలెడు.

షాపులో చేతికిచ్చాక ఏమేం చూడాలి?

ముందు అడగండి. డ్రై ఫైర్ చేయొచ్చా, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ లాగి హ్యామర్ వదలొచ్చా అని అనుమతి తీసుకోవాలి. తర్వాత మ్యాగజైన్ తీసేయండి, స్లైడ్ వెనక్కి లాగి ఆపండి, తూటా కూర్చునే చాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. సేల్స్‌మన్ మీ కళ్లముందే చూసి ఇచ్చినా సరే మీరూ చూడాలి. మొన పక్కకు, మనుషులు లేని వైపు.

సేఫ్టీలు ఒక్కొక్కటిగా. హ్యామర్ వెనక్కి లాగి, గ్రిప్ సేఫ్టీ నొక్కకుండా పిస్టల్‌ను పట్టుకుని ట్రిగ్గర్ లాగండి. హ్యామర్ పడకూడదు. మళ్లీ హ్యామర్ వెనక్కి, థంబ్ సేఫ్టీ పైకి, మామూలుగా పట్టుకుని ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలేయండి. ఇప్పుడు థంబ్ సేఫ్టీ దించి, పిస్టల్‌ను చెవి దగ్గర పెట్టుకుని హ్యామర్‌ను బొటనవేలితో ఒక్క వెంట్రుకవాసి వెనక్కి లాగండి. ఏ చప్పుడూ రాకూడదు. సన్నగా టిక్ మందంటే, సేఫ్టీ వేసి ఉన్నప్పుడే, హ్యామర్ పడకుండా పట్టే సియర్ కాస్త జారింది, ఇప్పుడు మళ్లీ చోటికి వచ్చింది అని అర్థం. ఆ పిస్టల్‌ను అక్కడే పెట్టేయండి.

తర్వాత స్లైడ్‌ను పావు అంగుళం వెనక్కి నెట్టి పట్టుకుని ట్రిగ్గర్ లాగండి. హ్యామర్ పడకూడదు. పడితే, స్లైడ్ మూసుకోకముందే పేలకుండా ఆపే డిస్‌కనెక్టర్ పనిచేయడం లేదు. ఆపైన హ్యామర్ వెనక్కి లాగి ఉంచి బొటనవేలితో ముందుకు ఓ మోస్తరుగా తోయండి, ట్రిగ్గర్ ముట్టకుండా. జారి పడితే హ్యామర్, సియర్ పట్టు చాలదు.

స్లైడ్ మూసి ఉండగా, ఖాళీ తొడుగు బయటికొచ్చే కిటికీలోంచి కనిపించే బ్యారెల్ వెనుక భాగాన్ని బొటనవేలితో కిందికి నొక్కండి. దిగకూడదు. ఇక్కడ కదిలే పిస్టల్ గురి కుదరదు.

ఎడమవైపు థంబ్ సేఫ్టీకి, స్లైడ్ స్టాప్‌కు మధ్య సన్నని గొట్టం ఉంటుంది, ప్లంజర్ ట్యూబ్. గోరుతో కదిపి చూడండి. ఊగుతుంటే ఎప్పుడో ఒకసారి సేఫ్టీ కిందికి దిగకుండా ఇరుక్కుంటుంది. పాత పిస్టళ్లలో తప్పకుండా చూడాల్సిన చోటిది.

స్లైడ్ తీసి చూపిస్తామంటే ఫీడ్ ర్యాంప్, అంటే తూటా చాంబర్ వైపు ఎక్కే వాలు చూడండి. ఫ్రేమ్‌లోని వాలుకు, బ్యారెల్ అంచుకు మధ్య 1/32 అంగుళం సందు ఉండాలి. బ్యారెల్ అంచు ఆ వాలు మీదికి వెనక్కి పొడుచుకొచ్చి ఉంటే బుల్లెట్ మొన దానికి తగిలి ఆగుతుంది.

ఒక మర్యాద కూడా ఉంది. తూటా లేకుండా, వెనక ఆపి ఉన్న స్లైడ్‌ను ఠప్పున వదిలేయకండి. చేత్తో పట్టుకుని ముందుకు తేవాలి. తూటాను తోసే పని లేనప్పుడు ఆ దెబ్బంతా బ్యారెల్, సియర్ అంచుల మీద పడుతుంది. బాగా సానపెట్టిన ట్రిగ్గర్ అలాగే చెడిపోతుంది. మీరు అలా వదిలేస్తే షాపువాడి మొహం మారిపోవడం ఖాయం.

ఎంత బిగుతుగా ఉంటే అంత మంచిదా?

కాదు. స్లైడ్, ఫ్రేమ్ మధ్య కాస్త ఆట ఉన్నా గురి పాడవదు. ముఖ్యం బ్యారెల్ ప్రతిసారీ ఒకే చోట కూర్చోవడం. సైన్యం పిస్టళ్లు ఊపితే గలగలమనేవి, బురదలో నడిచేవి. పోటీలకు చేసిన బిగుతు పిస్టల్‌కు నూనె ఎక్కువ కావాలి, మురికి తట్టుకోదు, మొదటి కొన్ని వందల తూటాలు ఒద్దికగా నడవకపోవచ్చు.

1911లు తరచూ జామ్ అవుతాయంటారు. నిజమేనా?

ఆ పేరు రావడానికి కారణాలున్నాయి, కానీ దాదాపు ఎప్పుడూ దోషులు మూడే: మ్యాగజైన్, ఖాళీ తొడుగును చాంబర్ నుంచి లాగే ఎక్స్‌ట్రాక్టర్, స్ప్రింగ్. ఏది ఎలా ఆగిందో చూస్తే దోషి దొరుకుతుంది.

తూటా మొన కిందికి వంగి ఫ్రేమ్ వాలుకు గుద్దుకుని ఆగితే మ్యాగజైన్. స్ప్రింగ్ నీరసించింది, లేదా పై పెదవులు వంగాయి. అన్ని మ్యాగజైన్ల మీదా మార్కర్‌తో 1, 2, 3 అని రాసుకోండి. మూడో నంబరుతోనే ఆగుతోందని తెలిశాక గన్‌స్మిత్‌కు డబ్బులివ్వక్కర్లేదు, దాన్ని పారేస్తే చాలు.

స్లైడ్ చివరి పిసరు మూసుకోకుండా ఆగి, బొటనవేలితో తడితే మూసుకుంటే, ఎక్స్‌ట్రాక్టర్ మరీ బిగుతు అయ్యుండొచ్చు, లేదా చాంబర్ మురికి, లేదా స్లైడ్ను ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్ అలిసింది. ఖాళీ తొడుగు నిలువుగా ఇరుక్కున్నా, మీ నుదుటి మీదికి ఎగిరొచ్చినా ఎక్స్‌ట్రాక్టర్ వదులు. మణికట్టు వదులుగా పట్టుకున్నా ఇదే జరుగుతుంది, కాబట్టి ముందు వేరొకరితో కాల్పించి చూడండి.

ఆఖరి తూటా అయ్యాక స్లైడ్ వెనక ఆగకపోతే మ్యాగజైన్ స్ప్రింగ్. తూటాలు ఇంకా ఉండగానే ఆగితే మీ బొటనవేలు స్లైడ్ స్టాప్‌ను పైకి తోస్తోంది.

ఇక ట్రిగ్గరే కదలకపోతే అరచేయి గ్రిప్ సేఫ్టీని నొక్కడం లేదు. బొటనవేలు థంబ్ సేఫ్టీ మీద పెట్టి పైకి పట్టుకునేవాళ్లకు అరచేతిలో సందు ఏర్పడుతుంది. గ్రిప్ సేఫ్టీ అడుగున చిన్న బుడిపె ఉన్న రకం తీసుకుంటే ఈ బాధ ఉండదు.

ఏ జామ్‌కైనా డ్రెమెల్ యంత్రం పట్టుకుని ఫీడ్ ర్యాంప్ నున్నగా చేయబోవద్దు. వాలు కోణం మారిందంటే ఫ్రేమ్ పోయినట్టే.

ఎక్స్‌ట్రాక్టర్ బిగుతు ఇంట్లో చూసుకోవడం ఎలా?

అసలు తూటా వాడొద్దు, డమ్మీ రౌండ్ కావాలి. స్లైడ్ విప్పి బ్యారెల్ తీసేసి, డమ్మీ అంచును కింది నుంచి పైకి ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కిందికి జార్చండి. మెల్లగా ఊపితే నిలబడాలి, గట్టిగా విదిలిస్తే పడిపోవాలి. విదిలించినా పడకపోతే బిగుతు, వదిలిన వెంటనే జారిపోతే వదులు. మామూలు 1911లో ఎక్స్‌ట్రాక్టర్ తానే స్ప్రింగ్‌గా పనిచేసే పొడవాటి ఉక్కు ముక్క. కాస్త వంచి సరిచేస్తారు, చేయి తిరిగినవాళ్లతో చేయించండి.

ఒక అలవాటు దీన్ని విరగ్గొడుతుంది. తూటాను చేత్తో చాంబర్‌లో వేసి స్లైడ్ వదలడం. తూటా అంచు కింది నుంచి కొక్కెంలోకి జారాలి, మీదనుంచి గుద్దకూడదు. మొదటి తూటా కూడా మ్యాగజైన్ నుంచే ఎక్కించాలి.

మ్యాగజైన్లు ఏవి?

పిస్టల్‌తో ఇచ్చేవి ఒకటో రెండో. విల్సన్ కాంబాట్ 47డీ, చిప్ మెక్‌కార్మిక్, మెక్-గార్ మంచివి. 7 తూటాలవి 8 తూటాలవాటికంటే స్ప్రింగ్ విషయంలో నమ్మదగినవి. ఫ్లీ మార్కెట్‌లో అయిదు డాలర్లకు దొరికే పేరులేని మ్యాగజైన్లే 1911కు ఆ చెడ్డపేరు తెచ్చాయి.

హ్యామర్ వెనక్కి లాగి, సేఫ్టీ వేసి పెట్టుకోవడం ప్రమాదం కాదా?

చూడ్డానికి భయం వేస్తుంది గానీ ఈ పిస్టల్ పెట్టుకునే తీరే అది. అమెరికా తుపాకీ శిక్షకుడు జెఫ్ కూపర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్కలో, చాంబర్లో తూటాతో అలా పెట్టుకోవడాన్ని కండిషన్ 1 అంటారు. అసలు ప్రమాదం చాంబర్‌లో తూటా ఉండగా హ్యామర్‌ను బొటనవేలితో మెల్లగా దించడం. ట్రిగ్గర్ లాగి, జారే హ్యామర్‌ను వేలితో ఆపాలి. వేలు జారితే పేలుతుంది. ఆ పని చేయకండి. కండిషన్ 1 మీకు నచ్చకపోతే చాంబర్ ఖాళీగా ఉంచండి, లేదా వేరే రకం పిస్టల్ కొనుక్కోండి.

ఇంట్లో పిల్లలుంటే సేఫ్టీ మీట మీద ఆధారపడొద్దు. తాళం పెట్టిన ఉక్కు పెట్టెలో పిస్టల్, తూటాలు వేరే తాళంలో. హెచ్-4 మీద ఉన్న భార్యో భర్తో ఉంటే ఆ పెట్టె తాళం వారి చేతికి అందకుండా ఉండాలి, నిషేధం వారికీ వర్తిస్తుంది.

పాత మిలిటరీ పిస్టల్ దొరుకుతుందా?

దొరుకుతుంది. సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థ సైన్యం నిల్వల్లోని 1911లను 2018లో లాటరీ పద్ధతిలో అమ్మడం మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో కోల్ట్‌తో పాటు టైప్‌రైటర్ల రెమింగ్టన్ ర్యాండ్, రైల్వే సిగ్నళ్ల యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్, ఇథాకా కూడా చేశాయి. కుట్టుమిషన్ల సింగర్ చేసినవి 500 మాత్రమే, వాటి ధర చెప్పనక్కర్లేదు. అందుకే నకిలీ ముద్రలు కూడా ఎక్కువ. చాలా పిస్టళ్లు ఆర్మీ డిపోల్లో మరమ్మతు చూసినవే, స్లైడ్ ఒక కంపెనీది, ఫ్రేమ్ మరొకదానిది అయ్యుంటుంది. ఇది మోసం కాదు, కానీ ధర తగ్గాలి.

కాల్చుకోవడానికైతే వీటి జోలికి వెళ్లొద్దు. పాత స్లైడ్ల ఉక్కు మెత్తన. అయినా కాల్చాలనిపిస్తే మామూలు 230 గ్రెయిన్ల తూటాలే, ఎక్కువ ఒత్తిడితో పేలే ప్లస్ పీ రకం వద్దు.

కొత్తది తెచ్చాక మొదటిరోజు ఏం చేయాలి?

విప్పి, కంపెనీ పూసిన జిడ్డు తుడిచేయండి. విప్పేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి, బ్యారెల్ కింద స్ప్రింగ్ మూతను బొటనవేలితో అదిమి పట్టకపోతే అది పైకప్పుకు తగులుతుంది. స్లైడ్ పట్టాలకు, బ్యారెల్ పైనున్న గాట్లకు, బ్యారెల్ ముందు కొసను పట్టే బుషింగ్‌లో బ్యారెల్ రుద్దుకునే చోట, డిస్‌కనెక్టర్ మొనకు తలా ఒక చుక్క నూనె. 1911 పొడిగా ఉండడాన్ని సహించదు.

ఆత్మరక్షణకు నమ్ముకునేముందు మామూలు గుండ్రటి మొన తూటాలు 200, తర్వాత మీరు పెట్టుకోబోయే హాలో పాయింట్ (మొన బోలుగా ఉండే తూటా) 50 కాల్చండి. మొదటి వందలో ఒకటి రెండు ఆగితే ఫర్వాలేదు. ఆఖరి వందలో ఆగితే ఫర్వాలేదని ఎవరన్నా వినకండి, కంపెనీకి పంపండి.

5 అంగుళాల 45కు 16 పౌండ్ల రికాయిల్ స్ప్రింగ్ మామూలు. రెండు మూడు వేల తూటాలకోసారి మార్చండి, పదిహేను డాలర్ల లోపు పని. 3 అంగుళాలవాటికి ఇంకా ముందే.

ఆన్‌లైన్‌లో కొంటే?

పిస్టల్ ఇంటికి రాదు, మీ రాష్ట్రంలోని లైసెన్సున్న డీలర్ దగ్గరికి వస్తుంది. అతను బదిలీ రుసుము తీసుకుంటాడు, సాధారణంగా 20 నుంచి 50 డాలర్లు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఫారం 4473 మీద సంతకం చేయకముందే పైన చెప్పిన పరీక్షలన్నీ చేసేయాలి. మీ పేరు మీదికి మారిందంటే లెక్కలో అది సెకండ్ హ్యాండ్, అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోరు. అప్పుడు మిగిలేది కంపెనీ వారంటీయే.

ఎడమచేతి వాటం వాళ్లకు?

రెండువైపులా మీట ఉన్న థంబ్ సేఫ్టీ రకం తీసుకోండి. తర్వాత వేయించుకోవచ్చు గానీ సియర్‌కు కుదర్చాలి, ఇంట్లో అయ్యే పని కాదు.

ఇండియాకు తీసుకెళ్లొచ్చా?

సామానులో పెట్టుకుని వెళ్లే వస్తువు కాదు. అక్కడ ఆయుధ చట్టం, 1959 ప్రకారం లైసెన్సు కావాలి, దిగుమతికి నిబంధనలు వేరు. లైసెన్సున్నవారు కూడా 2019 సవరణ తర్వాత సాధారణంగా రెండుకు మించి ఉంచుకోలేరు. తూటా ఒక్కటి బ్యాగు అడుగున మరిచిపోయినా విమానాశ్రయంలో కేసు అవుతుంది. రేంజ్‌కు వాడే బ్యాగును ప్రయాణాలకు వాడకండి.

ఫ్రేమ్ మీద స్లైడ్ స్టాప్ కింద వంకర గీత పడింది. ఏమైనా నష్టమా?

పిస్టల్‌కు ఏ నష్టమూ లేదు, తిరిగి అమ్మేటప్పుడు మాత్రం బేరం తగ్గుతుంది. బిగించేటప్పుడు స్లైడ్ స్టాప్‌ను కిందినుంచి పైకి తిప్పుతూ నెడితే పడే గీత ఇది. సన్నని ప్లాస్టిక్ కార్డుతో ప్లంజర్‌ను లోపలికి నొక్కి పట్టుకుని స్లైడ్ స్టాప్‌ను నేరుగా లోపలికి తోస్తే పడదు.